దించిన తట్టను తిరిగి ఎత్తుకోలేక

ఒడిశాలోని రాయగడ జిల్లా చటికొనలో బుధవారం సంత. నియమగిరి కొండల మీది డొంగరియా కొంధు గిరిజన పల్లెల నుంచి స్త్రీలు అనాసలు, పనసకాయలు, అల్లం, పసుపు నెత్తిన పెట్టుకుని చీకటితోనే బయలుదేరతారు. ఈ కొండల్లోని చాలా సంతలకు ఇలాగే నడిచి వస్తారు. అయితే దిగివచ్చిన సరుకంతా సంత పాకల దాకా చేరుతుందనుకుంటే పొరపాటు. కాలిబాట తారురోడ్డును కలిసే మలుపులోనే మోటారుసైకిళ్లతో, మినీలారీలతో మారుబేరగాళ్లు కాచుకుని ఉంటారు. తట్టను అక్కడే దింపించి, కాయలు తిప్పి చూసి, ఇంతకిస్తావా అని ఒక మాట అంటారు. ఔననడమో, ఇంకొక్క రూపాయి వేయమనడమో తప్ప అమ్మే మనిషి చెప్పగలిగింది ఏమీ ఉండదు. అవే కాయలు సాయంత్రానికి రాయగడలోనో, సరిహద్దు దాటి పార్వతీపురంలోనో రోడ్డుపక్క గుట్టలుగా కనిపిస్తాయి, ధర మాత్రం పొద్దున్న మలుపు దగ్గర పలికినది కాదు.

వినియోగదారు చెల్లించే రూపాయిలో రైతు చేతికి టమాటాకు 33 పైసలు, ఉల్లికి 36, బంగాళాదుంపకు 37 పైసలు మాత్రమే చేరుతున్నాయని 2024లో వెలువడిన రిజర్వు బ్యాంకు పరిశోధన పత్రాలు లెక్కగట్టాయి. ఆ పంటలకు పెద్ద మండీలూ రహదారులూ గోదాములూ ఉన్నాయి. అవేవీ లేని కొండ అనాసకు వాటా అంతకంటే మెరుగ్గా ఉంటుందనుకోవడానికి మాకు కారణం కనిపించడం లేదు. ఇక్కడ దళారీని నాలుగు మాటలు తిట్టి ఊరుకోవడం సంపాదకీయాలకు తేలికైన పని. మేమూ గతంలో ఆ పని చేసినవాళ్లమే. కానీ ఘాట్ రోడ్డు మీద బండి నడిపేదీ, దారిలో కుళ్లిన కాయల నష్టం భరించేదీ, పెళ్లికో జబ్బుకో అర్ధరాత్రి అడ్వాన్సు ఇచ్చేదీ అతడే. ఆ పనులు మరొకరు చేయనంత కాలం అతడు లేకుండా సరుకు కదలదు. ఆ అడ్వాన్సే మరుసటి పంట ధరను ముందుగా కట్టేస్తుందన్నది నిజమే అయినా, అది అతడి దుర్మార్గం కంటే మన వ్యవస్థల గైర్హాజరునే ఎక్కువగా చూపుతుంది.

అసలు చిక్కు సాగులో లేదు, కొనేవాళ్ల కొరతలోనూ లేదు. అమ్మకపోతే సరుకును వెనక్కి తీసుకుపోగలవాడికే బేరమాడే శక్తి ఉంటుంది. పది పన్నెండు కిలోమీటర్లు కొండ దిగి వచ్చిన తట్టను మళ్లీ ఎత్తుకుని కొండెక్కడం ఎవరి వల్లా కాదు. ఈ సంగతి అమ్మే మనిషికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. మధ్యాహ్నం దాటాక ధర ఎందుకు జారిపోతుందో వివరించడానికి వేరే అర్థశాస్త్రం అక్కర్లేదు. రాగుల విషయంలో, మన వైపు మాటలో చోళ్ల విషయంలో, ఈ చిక్కును ఒడిశా ప్రభుత్వం చాలావరకు విప్పగలిగింది. 2017లో గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి సహా 7 జిల్లాల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, గిరిజన సహకార సంస్థ ద్వారా చోళ్లు కొని, సొమ్మును నేరుగా రైతు ఖాతాలో వేయడం ఆరంభించింది. 2018-19లో క్వింటాలుకు 2,897 రూపాయలున్న మద్దతు ధర 2025-26కు 4,886కు పెరిగింది. అయితే చోళ్లు గాదెలో నెలల తరబడి నిలవుండే గింజలు కావడం ఈ విజయంలో సగం కారణమని మరచిపోరాదు. కొనుగోలు కేంద్రం వారం ఆలస్యంగా తెరిచినా చోళ్లు ఆగుతాయి, పండిన అనాస ఆగదు.

అందుకే సంతకు ముందుగా కావలసింది రాత్రి సరుకు దాచుకునే చోటు. కోట్ల రూపాయల శీతల గిడ్డంగి అడగడం లేదు. ఇటుకలతో రెండు వరసల గోడ కట్టి, మధ్యలో ఇసుక నింపి, పొద్దునా సాయంత్రం తడుపుతూ ఉంటే కరెంటు లేకుండానే లోపలి కూరగాయలు కొన్ని రోజులు తాజాగా ఉంటాయి. దానికి ఒక తాళం, ఒక రిజిస్టరు, తాళంచెవి పట్టుకునే ఒక మహిళా సంఘం చాలు. రెండోది కాటా. గింజలు కొలిచే కుంచాలు, అడ్డలు అనే పాత కొలపాత్రలు చట్టం దృష్టిలో ఏనాడో చెల్లిపోయాయి. మెట్రిక్ తూనికలు తెచ్చిన చట్టం 1956 నాటిది, ఇప్పుడు అమలులో ఉన్నది 2009 నాటిది. కొండ సంతల్లో మాత్రం కుంచం ఇంకా బతికే ఉంది. పైగా కొనేటప్పుడు అంచు మీద శిఖ పోసి కొలిచే కుంచం, అమ్మేటప్పుడు అంచుకు సమంగా తలగొట్టి కొలిచే కుంచంగా మారిపోతుంది. రోడ్డు మలుపులోనే పంచాయతీ కాటా ఒకటి నిలబెడితే ఆ తేడా అందరి కళ్ల ముందు బయటపడుతుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ అధికారాన్ని 1996 నాటి పెసా చట్టమే (పంచాయతీ రాజ్‌ను ఆ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) గ్రామసభలకు, పంచాయతీలకు అప్పగించమంది. రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగానూ, గజపతి కొంతమేరకూ ఆ పరిధిలోనివే. సంతను ఏటా వేలం వేసి ఆశీలు వసూలు చేసుకోవడమే నిర్వహణ అనుకుంటున్న పంచాయతీలు, ఆ డబ్బులో ఎంత మళ్లీ సంత మీద ఖర్చయిందో ఒకసారి లెక్క చెప్పాలి.

సరిహద్దు తెచ్చే చిక్కు వేరు. ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగు కుటుంబానికి ఆంధ్రలోని పాతపట్నం పక్కవీధి లాంటిది. కొరాపుట్ జిల్లా కుందులి శుక్రవారం సంతలో నింపిన అల్లం బస్తాలకు ఘాట్ దిగితే విశాఖ. సరుకు రాష్ట్రం గీత చూడదు, పథకం చూస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన రైతుబజార్లలో కూర్చోవాలంటే గుర్తింపు కార్డు కావాలి. పొలాన్ని, పంటను ఆ రాష్ట్రపు సిబ్బంది చూసి ధ్రువీకరిస్తే తప్ప అది రాదు. ఒడిశా వైపు గుణుపురం వంకాయ రైతు శ్రీకాకుళం రైతుబజారుకు పరాయివాడే, అక్కడ కొనే గృహిణి అతడి భాషే మాట్లాడినా సరే. ఒడిశాలోనూ అదే నమూనాలో కృషక్ బజార్లు వచ్చాయి. కానీ పల్లె నుంచి పొద్దున్నే సరుకును చేర్చే బండి లేకపోతే, కట్టిన అరుగుల మీద చివరికి కూర్చునేది మారుబేరగాళ్లే. ఇరుగుపొరుగు జిల్లాల కలెక్టర్లు నక్సలైట్ల మీదా వరదల మీదా సమావేశమైనట్టే, రైతు కార్డుల పరస్పర గుర్తింపు మీదా ఒక పూట కూర్చోవచ్చు.

రవాణా గురించి ఒక్క మాట. 1900లో శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్నరైలు 1931లో గుణుపురం చేరింది. 2011లో బ్రాడ్‌గేజి అయింది. కోల్‌కతా లోకల్ రైళ్లలో కూరగాయల వాళ్లకంటూ వేరే పెట్టె ఉన్నట్టు, ఈ దారిలో పొద్దుటి రైలుకు ఒక పెట్టె కేటాయించడం రైల్వేకు పెద్ద భారం కాదు.

అన్నిటికంటే దగ్గరి కొనుగోలుదారు ఊళ్లోనే ఉన్నాడు. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 50 గ్రాములు, ప్రాథమికోన్నత పిల్లలకు 75 గ్రాములు కూరగాయలు పెట్టాలన్నది పీఎం పోషణ్ నిబంధన. చిన్నవాళ్లు 120 మంది, పెద్దవాళ్లు 80 మంది ఉన్న ఒక బడికి రోజుకు 12 కిలోలు కావాలి. అంటే రోజుకు దాదాపు ఒక తట్ట. మూడు పూటలా వండే ఆశ్రమ పాఠశాలలకూ గిరిజన హాస్టళ్లకూ ఇంకా ఎక్కువే కావాలి. అయినా చాలాచోట్ల పట్నం నుంచి కాంట్రాక్టరు పంపిన వాడిపోయిన కూర, పండించిన ఊరి మీదుగానే బడికి చేరుతోంది. నెలాఖరున బిల్లు పెట్టి మరో రెండు నెలలు ఆగగలిగే స్తోమత కాంట్రాక్టరుకు ఉంది, గుమ్మడికాయ అమ్మే ముసలమ్మకు లేదు. టెండరు పద్ధతి ఆమెను గడప దగ్గరే ఆపేస్తుంది. వారానికొకసారి చెల్లింపు, సంత కాటా చీటీయే బిల్లు, సరుకు పోగుచేసే బాధ్యత స్థానిక మహిళా సంఘానిది. ఈ మూడు అంశాలతో జిల్లా యంత్రాంగం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. వేసవి సెలవుల తర్వాత జూన్‌లో బడులు తెరిచే వేళకే కొండ మీద అనాస పక్వానికి వస్తుంది. హాస్టళ్ల సరఫరా టెండర్లు ఖరారు కాకముందే ఆ ఉత్తర్వు వెలువడాలి.