తిత్లీ పడింది మా ఉద్దానం మీద కూడా

తిత్లీ తుఫాను మీద మీరు వేసిన ఆర్టికల్లో దాన్ని ఒడిశా తుఫానుగానే రాసేశారు, కానీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది తీరం దాటింది మా శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గరండీ, జీడి, కొబ్బరి తోటలుండే మా ఉద్దానం ప్రాంతం ఆ జిల్లాలోదే. నేనప్పుడు చెన్నైలో ఉన్నాను, టీవీలో స్క్రోలింగ్ చూసి ఇంటికి ఫోన్ చేస్తే స్విచాఫ్, పక్కింటోళ్ళకి చేసినా అంతే, కరెంటు లేదు టవర్లు లేవు, మావోళ్ళు ఏటయిపోయారో తెలీక పిచ్చెక్కిపోయింది. వాట్సాప్‌లో ఎవరో పెట్టిన వీడియోలో కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయి వరసగా పడున్నాయి, వెనకాల మా ఇల్లేమైనా కనపడతాదేమోనని ఆపి ఆపి చూశాను. అమ్మావాళ్ళు బాగానే ఉన్నారని తర్వాత తెలిసిందిలెండి. కానీ జీడి, కొబ్బరి పోతే ఉద్దానపోడికి ఇంకేటుంది? కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి ఏళ్ళు పడతాది, అన్నాళ్ళూ ఏం తిని బతకాలి? మా ఉద్దానం మండలాలు కవిటి, కంచిలి, మందస పేర్లు కూడా ఆ ఆర్టికల్లో రాయండి ప్లీజ్.