ఆడబోమని చెప్పే హక్కు

2022 డిసెంబరులో హార్న్‌బిల్ ఉత్సవం చూడటానికి నాగాలాండ్ వెళ్లినవాళ్లకు కిసామాలో కొన్ని మోరుంగ్‌లు బోసిగా కనిపించాయి. కోహిమాకు 12 కిలోమీటర్ల దూరంలో కొండవాలు మీద ఒక్కో తెగకూ ఒక్కో మోరుంగ్ కట్టి ఉంటుంది. పాతకాలంలో ఊరి కుర్రాళ్లంతా కలిసి పడుకుని పాటలు, కథలు, వేట, యుద్ధం నేర్చుకున్న ఉమ్మడి ఇల్లు అది. ఆ ఏడాది తూర్పు నాగాలాండ్‌కు చెందిన కొన్యాక్, చాంగ్, ఫోమ్, సంగ్తమ్, ఖియామ్నియుంగన్, యిమ్‌ఖియుంగ్, తిఖిర్ తెగలు రాలేదు. తమ జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం సంగతి తేలేదాకా హార్న్‌బిల్‌లో ఆడేది లేదని ఆ ఏడు తెగల ఉమ్మడి సంస్థ ఈఎన్‌పీఓ తీర్మానించింది. 2024 ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికలప్పుడు ఆ తెగలుండే ఆరు జిల్లాల్లో పోలింగ్ దాదాపు సున్నా. నాలుగు లక్షల మందికి పైగా ఓటర్లు గడప దాటలేదు.

ముందు ఆట మానేశారు, తర్వాత ఓటు మానేశారు. ఈశాన్య రాష్ట్రాల ఆదివాసీ కళల గురించి మన పత్రికల్లో, పర్యాటక వీడియోల్లో వచ్చే రాతల్లో ఈ వరస ఎక్కడా కనిపించదు. అక్కడ అంతా రంగులే. ఈకల కిరీటాలు, వెదురు కర్రల మధ్య అడుగులు, నిప్పుల మీద కాలుతున్న పంది మాంసం. కొంచెం ఆలోచనాపరులైతే మరో పాట అందుకుంటారు: ‘అయ్యో, ఇదంతా టూరిస్టుల కోసం, అసలుది పోయింది’ అని. ఈ రెండో మాట మొదటిదాని కంటే తెలివైనదని నేననుకోను. వేదిక ఎక్కినంత మాత్రాన ఆట చావదు. అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. అది తేల్చడానికి నాకు తెలిసిన గీటురాయి ఒక్కటే: వాళ్లు ఇవాళ ఆడబోమంటే ఏమవుతుంది?

హార్న్‌బిల్‌ను 2000లో మొదలుపెట్టింది రాష్ట్ర ప్రభుత్వం. రాష్ట్రావతరణ దినమైన డిసెంబరు 1న మొదలై పది రోజులు నడుస్తుంది. ఒక్క విషయం గమనించండి. నాగా తెగల సొంత పండుగలు చాలావరకు సేద్యాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. కొన్యాక్‌ల ఆవొలియాంగ్ ఏప్రిల్‌లో, ఆవోల మొయాత్సు విత్తనాలు చల్లాక మే నెలలో, సుమీల తులుని జులైలో, లోథాల తోఖు ఎమోంగ్ పంట ఇల్లు చేరాక నవంబరులో. డిసెంబరు మొదటి వారం పర్యాటకులకు అనువైన సీజన్. అంటే ఇది తెగల పండుగల మీద ప్రభుత్వం కట్టిన పండుగ. దాన్ని నేను తప్పు పట్టను. తలలు నరుక్కున్న ఊళ్ల మనవలు ఒకే మైదానంలో పక్కపక్కన ఆడటం చిన్న విషయం కాదు. అయితే 2021 డిసెంబరు 4న ఆ వేదికకు అసలు పరీక్ష వచ్చింది. మోన్ జిల్లా ఓటింగ్ గ్రామం దగ్గర బొగ్గు గని పని ముగించుకుని ఇంటికి వస్తున్న కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆ రాత్రి, మర్నాడు కలిపి 14 మంది పౌరులు చనిపోయారు. కిసామాలో తెగలు ఆట ఆపేశాయి, నల్ల జెండాలు లేచాయి. డిసెంబరు 7న మిగిలిన ఉత్సవాన్ని ప్రభుత్వమే రద్దు చేసింది. ఆ డిసెంబరులో దేశమంతా సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం గురించి మాట్లాడిందంటే అందులో ఆగిన ఆటకూ వాటా ఉంది. కెమెరాలన్నీ అప్పటికే అక్కడున్నాయి మరి.

తెగ పండుగకు సర్కారు వచ్చి చేరే ఇలాంటి ఏర్పాటు మనకు కొత్తేం కాదు. 1930లలో కొన్యాక్‌ల మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫే, కొమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వచ్చాడు. కెస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టించింది ఆయనే. మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి నీళ్లు తెచ్చి చేసే పూజ పూర్తిగా వాళ్ల చేతిలోనే ఉంటుంది. అది ముగిశాక అధికారులు వచ్చి కూర్చుని భూమి, అడవి, బడి గురించి అర్జీలు వినాలి. ఏటా ఎంతమంది మంత్రులు వస్తారు, విన్నదాంట్లో ఎంత చేస్తారు అన్నది వేరే చర్చ. పండుగకు వచ్చిన సర్కారు చప్పట్లు కొట్టి వెళ్లిపోవడం కుదరదన్న పద్ధతైతే ఉంది. హార్న్‌బిల్‌లో రాక్ సంగీతం ఉంటుంది, రాజా మిర్చి తినే పోటీ ఉంటుంది. అర్జీల పూట మాత్రం పెట్టలేదు. అందుకే తూర్పు తెగలవాళ్లు ఆట మానేసి చెప్పాల్సి వచ్చింది.

వేదికలన్నీ సర్కారువే అనుకోవడమూ పొరపాటే. షిల్లాంగ్‌లో ఏటా ఏప్రిల్‌లో జరిగే షాద్ సుక్ మిన్సియెమ్‌నే తీసుకోండి. మిషనరీల ప్రభావంలో ఖాసీ మతం, ఆచారాలు కనుమరుగవుతాయన్న భయంతో 1899లో కొందరు ఖాసీ యువకులు సెంగ్ ఖాసీ అనే సంఘం పెట్టుకున్నారు. 1911 నుంచి వైకింగ్ మైదానంలో ఈ నృత్యం నడిపిస్తున్నది వాళ్లే. కిరీటాలు పెట్టుకున్న పెళ్లికాని అమ్మాయిలు కళ్లు దించుకుని, పాదం నేల విడవకుండా, ఎంత మెల్లగా కదులుతారంటే మొదటిసారి చూసేవాళ్లకు నృత్యం ఇంకా మొదలవలేదేమో అనిపిస్తుంది. వాళ్ల చుట్టూ కత్తులు పట్టుకున్న మగవాళ్లు కాపలాగా తిరుగుతుంటారు. ‘వేగం పెంచితే జనానికి నచ్చుతుంది’ అని ఏ ఈవెంట్ మేనేజరూ అక్కడ సలహా ఇవ్వలేడు.

మేఘాలయలోనే ఉండే గారోల వంగలా కథ ఇంకాస్త చిక్కైనది. పంట ఇచ్చినందుకు మిసి సాల్జోంగ్ అనే దేవుడికి కృతజ్ఞత చెప్పి సాగనంపే పండుగ ఇది. ఊరిపెద్ద నోక్మా బియ్యపు కల్లు ధారపోసి, సాంబ్రాణి పొగ వేస్తేనే డోళ్లు మోగేవి. గారోల్లో ఎక్కువమంది క్రైస్తవులయ్యాక, పాత సోంగ్సారెక్ మతాన్ని పాటించే కుటుంబాలు తగ్గిపోయాక ఊరి వంగలా కూడా సన్నగిల్లింది. 1976లో తురా దగ్గర అసనాంగ్‌లో గారోలే ‘వంద డోళ్ల వంగలా’ మొదలుపెట్టారు. ఊళ్ల నుంచి వచ్చిన దళాలు కలిసి వంద డోళ్లు మోగిస్తాయి. ఆదివారం చర్చికి వెళ్లే కుర్రాడు శనివారం సాల్జోంగ్ కోసం పుట్టిన డోలు వాయిస్తాడు. బయటివాళ్లకు ఇది కల్తీలా కనిపించవచ్చు. దేవుణ్ని మార్చుకున్న జాతి తన డోలును వదులుకోకుండా కుదుర్చుకున్న ఒప్పందంలా నాకు కనిపిస్తుంది. ఒప్పందం రాసుకున్నది వాళ్లే కాబట్టి దాన్ని తప్పు పట్టే అధికారం మనకు లేదు.

మిజోల చెరావ్‌ను ఎటు వైపు వేయాలో మాత్రం తేల్చుకోలేను. పిల్లల్ని కంటూ చనిపోయిన తల్లి ఆత్మ క్షేమంగా పరలోకం చేరాలని చేసిన క్రతువు నుంచి ఈ వెదురు నాట్యం పుట్టిందని మిజోలు చెబుతారు. 2010 మార్చిలో ఐజ్వాల్‌లో పది వేల మందికి పైగా కలిసి చెరావ్ ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. పోడు కోసం నరికిన వెదురు ఎండేదాకా చేతికి పని లేని రోజుల్లో వచ్చే చప్చార్ కుట్ పండుగ సందర్భమది. చావు క్రతువు లెక్కల పుస్తకంలోకి ఎక్కడం ఎబ్బెట్టుగానే ఉంటుంది, కాకపోతే ఆ రోజు ఆడినవాళ్లూ, ఆడించినవాళ్లూ మిజోలే.

గౌహతికి వచ్చేసరికి ఆ సందిగ్ధం ఉండదు. సరుసజాయ్ స్టేడియంలో 2023లో 11 వేల మందికి పైగా కళాకారులతో బిహు రికార్డు పెట్టారు. 2025 ఫిబ్రవరి 24న, అస్సాం తేయాకు పరిశ్రమకు 200 ఏళ్లంటూ, ఎనిమిది వేల మందికి పైగా తోటల బిడ్డలు ప్రధాని ముందు ఝుమొయిర్ ఆడారు. వీళ్లలో సంతాల్, ముండా, ఓరాన్ ఉన్నారు. జార్ఖండ్‌లో వీళ్ల బంధువులు షెడ్యూల్డ్ తెగలు. అస్సాంలో ఆ రోజుకు వీళ్లు ఓబీసీలు. ఎస్టీ హోదా అడగడం మొదలై దశాబ్దాలు దాటింది. బ్రహ్మపుత్ర లోయలో అప్పటి రోజు కూలి 250 రూపాయలు. ఆ తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లూ ఉన్నారు. అస్సాం ఓబీసీ జాబితాలో తేయాకు తోటల సముదాయాల కింద ‘తెలెంగా’ అన్న పేరు నేటికీ ఉంది. స్టేడియంలో అంతా ఒకే రంగు చీరలో, ఒకే తాళానికి ఆడుతుంటే పైనుంచి తీసిన వీడియో చూడముచ్చటగానే ఉంటుంది. నేను పెట్టుకున్న గీటురాయి మీద గీసి చూస్తేనే తేడా తెలుస్తుంది. క్వార్టర్, రేషన్, పని అన్నీ తోట చేతిలో ఉన్న మనిషి ‘నేను రాను’ అని ఎవరితో చెప్పుకోవాలి?

బట్ట విషయంలో పెత్తనం ఇంకా స్పష్టంగా ఉండేది. ఆవోల సుంగ్‌కోతెప్సు శాలువా మధ్యలో తెల్ల పట్టీ ఉంటుంది. దాని మీద మిథున్ (అక్కడి కొండ ఎద్దు), ఏనుగు, పులి, కోడి, మనిషి తల బొమ్మలు వేస్తారు. శత్రువు తల తెచ్చినవాడో, మిథున్‌ను కోసి ఊరందరికీ విందు పెట్టినవాడో తప్ప దాన్ని భుజాన వేసుకోవడానికి వీలుండేది కాదు. ఇప్పుడు విమానం దిగిన ప్రతి నాయకుడి భుజం మీదా నాగా శాలువాలే. తలల వేట పోయినందుకు ఎవరూ బాధపడనక్కర్లేదు గానీ, హక్కుతో పాటు ధర కూడా నేతగత్తె చేయి దాటిపోయింది. నడుముకు పట్టీ కట్టుకుని, నేల మీద కూర్చుని, ఒంటి బరువుతో పడుగును బిగించి నేసే మగ్గం మీద ఒక శాలువా పూర్తవడానికి రోజులు పడుతుంది. అదే డిజైన్‌ను పవర్‌లూమ్ మీటర్ల లెక్కన నేసి పడేస్తుంది. మరో నాగా తెగ చాఖెసాంగ్‌ల మహిళలు ఊరుకోలేదు. తమ సంఘం పేరు మీదే 2017లో చాఖెసాంగ్ శాలువాకు భౌగోళిక గుర్తింపు (జీఐ) తెచ్చుకున్నారు. ఆ డిజైన్‌ను ఎవరు నేయవచ్చో చెప్పే అధికారం అలా కాగితం మీదికి వచ్చింది. మరమగ్గాల నుంచి వచ్చే సరుకును జీఐ ముద్ర ఒక్కటే ఆపలేదు, కోర్టుకు వెళ్లడానికి మాత్రం ఒక ఆధారం దొరికింది.

వాళ్లే మార్చుకుంటే మార్పు ఎంత సాఫీగా జరుగుతుందో అరుణాచల్‌లోని న్యీషీల టోపీ చూస్తే అర్థమవుతుంది. బెత్తుతో అల్లిన ఆ టోపీ మీద హార్న్‌బిల్ ముక్కు పెట్టుకోవడం మగవాడి హోదా. పక్షి తగ్గిపోతుంటే అటవీ శాఖ, వన్యప్రాణి సంస్థలు ఫైబర్‌గ్లాస్ ముక్కులు తయారు చేయించి ఇచ్చాయి, న్యీషీలు పెట్టుకున్నారు. పక్కే అనే పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు వేటాడినవాళ్లే ఇప్పుడు హార్న్‌బిల్ గూళ్లకు కాపలా కాస్తున్నారు. ‘ప్లాస్టిక్ ముక్కు పెట్టుకున్నారు, సంప్రదాయం చెడింది’ అని అక్కడ ఏ పెద్దమనిషీ అనుకోలేదు.

నాట్యం, నేత ఎక్కిన వేదికకు తిండి అంత తేలిగ్గా ఎక్కదు. సుమీలు సోయా గింజలు ఉడకబెట్టి, అరటాకుల్లో చుట్టి, పొయ్యి పైన అటక మీద కొన్ని రోజులు పులియబెట్టి అఖుని చేస్తారు. మణిపూర్‌లో హవాయ్‌జార్, ఖాసీల తుంగ్రింబాయ్, మిజోల బెకాంగ్ కూడా ఇంచుమించు ఇదే పద్ధతి. మాంసం దొరకని రోజుల్లో కూడా కూరకు ఆ దిట్టమైన రుచి ఇచ్చేది అదే. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల కోసం ఒక భద్రతా పుస్తకం వేశారు. వెదురు పిలకలు, అఖునిలాంటి వాసన వచ్చే వంటలు చుట్టుపక్కల గొడవ రాకుండా వండుకోవాలన్నది అందులో ఒక సలహా. గణతంత్ర దినాన కర్తవ్యపథ్ (అప్పటి రాజ్‌పథ్) మీద ఎవరి నాట్యానికి చప్పట్లు కొడతారో వాళ్ల పొయ్యి మీదే ఈ ఆంక్ష. హైదరాబాద్‌లో ఎండు చేపలు వేయించినందుకు ఇంటి ఓనరుతో మాట పడ్డ కోనసీమ కుర్రాడికి ఈ సంగతి విడమరచి చెప్పాల్సిన పని లేదు.

సొంత ప్రభుత్వాలూ ఇందుకు తక్కువ తినలేదు. నాగాలాండ్‌లో 1989 నుంచి సంపూర్ణ మద్యనిషేధ చట్టం ఉంది, దాని వెనుక చర్చి ఒత్తిడి ఉంది. కిసామా మోరుంగ్‌ల ముందు మాత్రం బియ్యపు కల్లు వెదురు గ్లాసుల్లో నిండుతుంది. అంటే చట్టానిది ఒక లెక్క, టూరిస్టుది ఒక లెక్క. పక్కనే అస్సాంలో దిమాసా తెగవాళ్లు జిగురు బియ్యంతో కాచే జుదిమాకు 2021లో జీఐ గుర్తింపే వచ్చింది. మన ఏజెన్సీల్లో ఇప్పసారా పట్టుకుని కేసులు పెట్టే ఎక్సైజ్ వాళ్లు ఈ రెండు రాష్ట్రాల కథా ఒకసారి చదవాలి. కుక్క మాంసం గురించి దేశవ్యాప్తంగా గోల లేచాక 2020 జులైలో నాగాలాండ్ ప్రభుత్వం దాని అమ్మకాన్ని నిషేధించింది. వ్యాపారులు కోర్టుకెక్కారు. 2023 జూన్‌లో గౌహతి హైకోర్టు కోహిమా బెంచ్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ మాంసం ముట్టని నాగాలు కూడా ఉన్నారు, వాళ్ల అభ్యంతరం వాళ్లది. బయటివాళ్ల ఒత్తిడికి తలొగ్గి ఒక్క కలం పోటుతో ఇచ్చిన ఉత్తర్వు మాత్రం నిలబడలేదు.

ఢిల్లీలోనే ఈ కథకు మరో ముఖం ఉంది. సఫ్దర్‌జంగ్‌ను ఆనుకుని ఉన్న హుమాయూన్‌పూర్ సందుల్లో ఇప్పుడు నాగా, మణిపురీ, అరుణాచలీ వంటిళ్లు వరసగా ఉన్నాయి. చదువుకోవడానికీ పనికీ వచ్చి ఆ ఇరుకు గదుల్లో అద్దెకు దిగినవాళ్లలో కొందరు కింద అంతస్తులో కొట్టు పెట్టారు. మొదట సొంతవాళ్ల కోసం వండారు, తర్వాత తక్కిన ఢిల్లీ కూడా వరస కట్టింది. దీనికి ఏ పర్యాటక శాఖా స్పాన్సర్ కాదు, ప్రారంభోత్సవానికి మంత్రి రాలేదు. అఖునితో వండిన పంది మాంసం ధర, కారం ఎంత వేయాలన్నది, కొట్టు ఏ రోజు మూసేయాలన్నది వండేవాళ్లే నిర్ణయించుకుంటున్నారు.