సర్పంచ్ ఎవరండీ ఇంతకీ?

మొన్న ఇంటి పన్ను రికార్డులో పేరు మార్పించుకుందామని మా ఊరి పంచాయతీ ఆఫీసుకి వెళ్లాను. సర్పంచ్ కుర్చీలో ఆవిడ భర్త. "మేడమ్ లేరా?" అంటే "ఆమెకేం తెలుస్తదమ్మా, నాకు చెప్పు" అన్నాడు. కాగితం బండి మీద ఇంటికి పంపించాడు. పది నిమిషాల్లో సంతకం వచ్చేసింది. పాపం, పొయ్యి మీద కూర దించి పెట్టి ఉంటుంది.

పండగ ఫ్లెక్సీల్లో ఆయన నిలువెత్తు ఫొటో, గెలిచిన మనిషేమో మూలన పాస్‌పోర్టు సైజులో. ఊరంతా ఆయన్నే "సర్పంచ్ సాబ్" అంటుంది. అలవాటులో నేనూ అనేశాను, అదీ నా మంట!

తెలంగాణలో పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్లవే. ఓట్లలోనూ తక్కువేం కాదు. దేశం మొత్తం మీద 2019, 2024 లోక్‌సభ ఎన్నికల్లో మగవాళ్లకన్నా మన పోలింగ్ శాతమే కాస్త ఎక్కువ. చంటిపిల్లను చంకనేసుకుని ఎండలో లైన్లో నిలబడేది మనం. తీరా 2024లో లోక్‌సభకు గెలిచిన ఆడవాళ్లు 543లో 74 మంది. 2023లో మన అసెంబ్లీకి 119లో పదిమంది. మూడో వంతు సీట్లంటూ 2023లోనే చట్టం చేశారు, కానీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకేనంటూ మెలిక పెట్టారు.

ఇంతా చేస్తే నా కాగితంలో ఇంటి నంబరు తప్పు పడింది. ఈసారి సరాసరి ఆవిడ ఇంటికే పోతా.