గీత లోపలా, బయటా?

మా బావకు కారు అద్దాల పిచ్చి 2024 మార్చిలో పట్టుకుంది. ఆ నెలలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగరాదని, కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు వేసింది. మారతహళ్లిలో బావ ఉండే అపార్టుమెంటుకు ముఖ్యంగా వచ్చేది బోరు నీరు, చాలకపోతే ట్యాంకరు నీరు. ఉత్తర్వు తమకు వర్తిస్తుందా లేదా అని సంఘం సభ్యులు వాట్సాప్‌లో కొట్టుకుంటూ ఉండగానే బావ బకెట్టును అటక ఎక్కించి, నీళ్లతో పనిలేకుండా అద్దాలు తుడిచే శాస్త్రంలో దిగిపోయాడు. సీసాలు వచ్చాయి. రంగురంగుల గుడ్డలు వచ్చాయి. చెప్పుల అలమారులో ఒక అర ఖాళీ అయింది, చెప్పులు వీధిన పడ్డాయి.

బకెట్టును మానడం మంచిపనే, కాదనను. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. నీరు ఆవిరైపోతుంది, అవి పోవు. గీజరు కాయిల్‌కు పట్టే తెల్లటి పెచ్చే అద్దం మీద చుక్కలై కూర్చుంటుంది. అంతవరకు బావ శాస్త్రంతో నాకు పేచీ లేదు.

చిత్తూరులో మా మేనమామ కూతురి నిశ్చితార్థం. తెల్లవారుజామునే బయలుదేరాలని ముందు రాత్రి భోజనాలయ్యాక బావ బేస్‌మెంటులోకి దిగాడు. టార్చి పట్టుకునే గౌరవం నాకు దక్కింది. ముందు డాష్‌బోర్డు మెరవాలని దాని మీద సిలికాన్ పాలిష్ కొట్టాడు. అందులో సగం తుంపర ముందు అద్దానికే చేరింది. అసలే డాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండకు వేడెక్కి, అందులోంచి లేచే ఆవిరి అద్దం లోపలి వైపు సన్నటి జిడ్డు పొరగా పేరుకుంటుంది. కొత్త కారు వాసన అని మనం మురిసిపోయే దానిలో అదీ ఒక భాగమే. పాత పొర మీద కొత్త పొర పడింది. దాని మీద నీలి రంగు ద్రవాన్ని బావ ధారాళంగా చల్లాడు. తక్కువ చేస్తే సీసా నొచ్చుకుంటుందన్నంత ఉదారంగా చల్లాడు.

తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ తీశాడు. దాని గొప్పతనమంతా సన్నటి పోగుల్లో ఉంటుంది. తేమనూ జిడ్డునూ లాక్కునేవి అవే. అయితే అక్క ఆ గుడ్డలను తువ్వాళ్లతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేసి, బట్టలు మెత్తబడే కండిషనర్ పోసి ఉతికింది. ఆ కండిషనర్ చేసే పని పోగులకు జిడ్డు పూత పూయడమే. కాబట్టి ఆ గుడ్డ ఇక అద్దం నుంచి ఏమీ తీసుకోలేదు. తన దగ్గర ఉన్నది కూడా మల్లెల వాసనతో సహా అద్దానికి ఇచ్చేసింది.

"చూడవోయ్, అసలు అద్దం ఉన్నట్టే లేదు" అన్నాడు బావ, వెనక్కి జరిగి నిలబడి. ట్యూబులైటు వెలుగులో నిజంగానే లేనట్టే ఉంది.

తెల్లవారుజామున అమ్మ కారెక్కగానే డాష్‌బోర్డు మీది వినాయకుడికి కర్పూర హారతి ఇచ్చింది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. కర్పూరం మసి ఎటు పోవాలి? దాని వాటా కూడా అద్దానికే చేరింది.

హోస్కోటె దాటేవరకు అంతా బాగానే ఉంది. కోలారు రోడ్డు తూర్పు దిక్కుకు సాగుతుంది. ఆ దిక్కునే సూర్యుడు తల ఎత్తాడు. అంతే, ముందు అద్దం నిండా పాలమీగడ కట్టింది. ఏటవాలుగా వచ్చే వెలుగు జిడ్డు పొరలో పడి అన్ని వైపులకూ చెదిరిపోతుంది. అందుకే రాత్రి కనబడని ప్రతి గీతా పొద్దున్నే హాజరు పలుకుతుంది. బావ చేయి ఎన్నిసార్లు తిరిగిందో ఆ వంపులన్నీ లెక్కపెట్టుకోవచ్చు. లారీ వెనక రాసిన అక్షరాలు మాత్రం చదవడానికి లేదు.

బావ వైపర్లు వేశాడు. వైపరు ట్యాంకులోనూ ఆయన శాస్త్రమే ఉంది. నురగ బాగా రావాలని గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి ఉంచాడు. నురగ బాగానే వచ్చింది. అది ఆరేసరికి బయట కూడా రెండు అర్ధచంద్రాలు ఏర్పడ్డాయి.

అమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ మర్యాద తప్పలేదు. "మీ బావగారికి దారి కనబడుతోందేమో కనుక్కో" అంది నాతో. బావ ఆమె పక్కనే, మూరెడు దూరంలో ఉన్నాడు. "కనబడుతోందని చెప్పు" అన్నాడు ఆయన కూడా నాతోనే, స్టీరింగు మీదికి వంగి కళ్లు చికిలిస్తూ. అక్క మాత్రం మర్యాదలేమీ పెట్టుకోలేదు. "ఆపండి" అంది.

టీ కొట్టు పక్కన ఆపాం. బావ దిగి బయటి నుంచి తుడవడం మొదలుపెట్టాడు. అసలు గీతలు లోపల ఉన్నాయో బయట ఉన్నాయో తెలిసే దారి లేదు. లోపల కూర్చున్న అమ్మకు మాత్రం ఏ సందేహమూ లేదు. "అదిగో, అక్కడ" అంటూ వేలితో అద్దాన్ని తాకి చూపించింది. పొద్దున్నే తలకు కొబ్బరి నూనె రాసుకున్న చేయి అది. బావ ఆ చోటును బయటి నుంచి బలంగా రుద్దాడు. పోలేదు. ఇంకా బలంగా రుద్దాడు. పోయిందా అని చేత్తో అడిగాడు. "పోలేదని మీ బావగారికి చెప్పు" అంటూ అమ్మ ఇంకో చోట వేలు పెట్టింది. నేను అద్దం దించి చెప్పాను. ఆయన కొత్త చోటికి మళ్లాడు. అమ్మ వేలు ముందు, బావ గుడ్డ వెనక, అలా అద్దమంతా తిరిగారు.

టీ తాగుతున్న లారీ క్లీనర్ ఒకడు ఈ తంతు చూసి చూసి ఇక ఆగలేకపోయాడు. ముళబాగిలు వాడట. కోలారు వైపు తెలుగుకు కొదవ లేదు గనక మా కష్టం చెప్పుకోవడానికి భాష అడ్డురాలేదు.

"ముందు బండిని నీడలోకి తీయండి సార్. అద్దం కాలితే తుడిచేలోపే తడి ఆరిపోయి మచ్చ మిగులుతుంది" అన్నాడు. చింతచెట్టు కిందికి తీశాం. "బయట అడ్డంగా తుడవండి, లోపల నిలువుగా తుడవండి. ఆ తర్వాత నిలువు గీత కనబడితే అది లోపలిది, అడ్డగీత అయితే బయటిది."

ఇంత చిన్న సంగతి అన్ని సీసాల మీదా ఎక్కడా రాసి లేదు. బావ ముఖంలో రంగు మారింది. సీసా తీసి ఇవ్వబోతే క్లీనర్ మూత తిప్పి వాసన చూసి, తిరిగి ఇచ్చేశాడు. నీళ్లు అడిగాడు. అమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న ఆర్‌ఓ నీళ్ల సీసా ఉంది. లవణాలు చాలావరకు వడపోతలోనే పోయిన నీరు కాబట్టి అద్దానికి అంతకంటే మంచిది ఆ చుట్టుపక్కల దొరకదు. క్లీనర్ తన లారీలోంచి ఒక పాత గళ్ల గుడ్డ తెచ్చి, ఒక సగం తడిపి పిండాడు, రెండో సగం పొడిగా ఉంచాడు. తడి సగంతో ఒకసారి, వెంటనే పొడి సగంతో ఒకసారి. జిడ్డెక్కిన ముఖాన్ని లోపలికి మడిచి మళ్లీ తుడిచాడు. పక్క అద్దాలను రెండు అంగుళాలు దించి, రబ్బరు కింద దాక్కునే పై అంచును కూడా వదలలేదు. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అక్క చెప్పి పెట్టించింది.

అద్దం తేరుకుంది. ఎదురుగా ఉన్న లారీ నంబరు ఈ చివర నుంచి ఆ చివరకు చదవగలిగాం. బావ అద్దాన్ని చూడలేదు, గుడ్డనే చూస్తున్నాడు. వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు.

"ఇది ఏ కంపెనీదయ్యా? ఎక్కడ దొరుకుతుంది?"

"నా పాత లుంగీ సార్" అన్నాడు క్లీనర్. "కొంటే దొరకదు. ముందు నాలుగైదేళ్లు కట్టుకోవాలి."

నిశ్చితార్థం భోజనాలయ్యాక బావ చిత్తూరు బజారుకు వెళ్లి రెండు గళ్ల లుంగీలు కొన్నాడు. ఇంట్లో కూడా ప్యాంటు విప్పని మనిషి ఇప్పుడు మారతహళ్లిలో లుంగీతో లిఫ్టు ఎక్కుతున్నాడు. వాటిని ఉతికేటప్పుడు కండిషనర్ పోయకుండా వాషింగ్ మెషీన్ పక్కనే నిలబడి కాపలా కాస్తున్నాడని అక్క ఫోను చేసింది.