“మా వైపు లింక్ అప్‌లోనే ఉంది సార్”

ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల నోట ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. లీజ్డ్ లైన్ (మాకొక్కరికే విడిగా తీసుకున్న ఇంటర్నెట్ లైన్) పూర్తిగా పోతే ఒక బాధ. మాది రెండు నిమిషాలు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ఆ రెండు నిమిషాలకే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేరే చోటి నెట్‌వర్క్‌కి వేసుకున్న రక్షిత దారి) తెగిపోతుంది, సగం ఎక్కిన బిల్లు మళ్లీ మొదటి నుంచి కొట్టాలి.

రౌటర్ రీస్టార్ట్ చేయమంటారు. ఎన్నిసార్లండీ? రౌటర్ తీసేసి, ఫైబర్‌లో వచ్చే వెలుతురును మామూలు కేబుల్ సిగ్నల్‌గా మార్చే మీడియా కన్వర్టర్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూశాను. వాళ్ల గేట్‌వేకే, అంటే లైన్ అవతల ఉన్న వాళ్ల పరికరానికే, 100 పింగులు (‘ఉన్నావా’ అని అడిగే చిన్న సందేశాలు) పంపితే 18 తిరిగి రాలేదు. మధ్యలో నా పరికరమే లేనప్పుడు తప్పు నాదెలా అవుతుంది?

టెక్నీషియన్ వచ్చేసరికి లైన్ బాగుంటుంది. పవర్ మీటర్ పెట్టి ఫైబర్‌లో వెలుతురు ఎంత వస్తోందో కొలవండి, ప్యాచ్ కార్డు (పరికరానికి కలిపే పొట్టి ఫైబర్ తీగ) ఆ ర్యాక్ తలుపు సందులో మడత పడి ఉంది చూడండి అని బతిమాలాను. స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్లిపోయాడు. సాయంత్రానికి నా ఫిర్యాదు టికెట్ క్లోజ్!

ఒప్పందంలో 99.5 శాతం సమయం లైన్ పనిచేస్తుందని రాశారు. అంటే 30 రోజుల్లో 3 గంటల 36 నిమిషాలకు మించి ఆగకూడదు. ఈ రెండేసి నిమిషాలు ఎవరు లెక్కపెడుతున్నారు? నేనే, టైముతో సహా రాసుకుంటున్నాను. రేపు మళ్లీ టికెట్ తెరుస్తాను.