నెగటివ్ స్పేస్ గారికి, బరంపురం నుంచి

మహారాజశ్రీ నెగటివ్ స్పేస్ గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, అందరం ఇంట్లోనే ఉన్నాం, మీరొక్కరే లేరు.

నేను ఆన్‌లైన్‌లో ఇంటీరియర్ స్టైలింగ్ నేర్చుకుంటున్న సంగతి మీకు తెలిసిందే, నాలుగో పాఠమంతా మీ మీదే కదా. వస్తువు ఎంత ముఖ్యమో దాని చుట్టూ వదిలిన ఖాళీ చోటూ, అంటే మీరూ, అంతే ముఖ్యమని మేడమ్ చెబితే నిజమేననిపించింది. జపాన్‌వాళ్ళు మిమ్మల్ని 'మా' అంటారట. వాళ్ళ ఇళ్ళల్లో టొకోనొమా అని గోడలోకి ఒక అర, అందులో వేలాడే చిత్రం ఒకటి, కింద పువ్వు పెట్టిన కుండీ ఒకటి, అంతే. మా ఇంట్లోనూ 'మా' ఉంది. మా బియ్యం బస్తా, మా ఆవకాయ జాడీలు, మా ఆడపడుచు ట్రంకు పెట్టె.

అయినా మీకోసం వెతికాను. మాది వీధి నుంచి పెరటిదాకా రైలుపెట్టెలా సాగే ఇల్లు, రెండు పక్కలా పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడలు, ముందుగదిలో రాత్రిపూట స్కూటరు, దాని వెనక గదిలో మావయ్యగారి తాతగారి భోషాణం. 1936లో మా ఊరు ఊరే మద్రాసు నుంచి ఒడిశాకు మారిపోయింది గానీ ఈ భోషాణం అంగుళం జరగలేదు.

చివరికి గుమ్మం పక్క గూడు కనిపించింది. టొకోనొమా అంటే మన గూడే కదా అనుకున్నాను, అదే నా ఖర్మ. ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక ఖాళీ చేశాను. పాత కరెంటు బిల్లులు, థర్మామీటరు, దువ్వెన, అగ్గిపెట్టె, మూతల్లేని పెన్నులు ఏడు, ఏ తాళానివో ఎవరికీ తెలియని తాళంచెవుల గుత్తి. లోపల సున్నం వేసి, ఇత్తడి మరచెంబు పెట్టి, అందులో ఒకే ఒక్క నందివర్ధనం రెమ్మ పెట్టాను. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే మీరొచ్చారు. ఒట్టు, వచ్చారు. ఫోను చార్జింగులో ఉంటే ఫొటో తీద్దామని తెచ్చుకోడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పువ్వు దేవుడి దగ్గర, చెంబు తులసికోట దగ్గర. గూట్లో మావయ్యగారి కళ్ళజోడు, దాని కాళ్ళకి తడి సున్నం. ''పువ్వుని దేవుడికి పెట్టకుండా గూట్లో పెట్టావేంటమ్మా?'' అన్నారు అత్తయ్య, బిల్లులూ అగ్గిపెట్టే ఎక్కడివక్కడ సర్దుతూ. అంతకుముందే తొంగిచూసిన పక్కింటి మావుసి, అంటే పిన్నిగారు, ''గొటియె ఫులొ కాహింకి?'' అంది ఒడియాలో, ఒక్క పువ్వే ఎందుకని. డబ్బుల్లేవేమోనని ఆవిడ జాలి.

మిగతా పాఠాలతో నాకు పేచీ లేదు. పటం మధ్యభాగం నేలకి 57 అంగుళాల ఎత్తులో ఉండాలట. మా ఇంట్లో పోయినవాళ్ళంతా కప్పుకి ఆనుకుని ముందుకి వాలి ఉంటారు, కిందికి దించితే ముత్తాతగారు సరిగ్గా నా కళ్ళల్లోకే చూస్తారు, వద్దు. 2700 కెల్విన్ పసుపు బల్బు పెడితే మావయ్యగారు ఓల్టేజీ పడిపోయిందని రెండు రాత్రులు లైన్‌మన్‌కి ఫోన్ చేశారు, తీసేశాం.

పేచీ అంతా మీతోనే. మీరు కనిపించే ఆ ఫొటోల ఇళ్ళల్లో గ్యాసు బుక్కు ఉండదా అండీ? బీపీ మాత్రలుండవా? రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతరకి దిగే ఇరవైమంది చుట్టాలూ, వాళ్ళ పరుపులూ ఉండవా? ఫొటోకి ముందు సామానంతా పక్కగదిలోకి నెట్టి తలుపేస్తారు, అంతేగా? మీరంటే ఆ పక్కగదే. అది ఉన్నవాళ్ళకే మీరు చుట్టం. అది లేనిదాని దగ్గర ఆరువారాల ఫీజు తీసుకుని 'వదిలెయ్యండి, ఖాళీగా వదిలెయ్యండి' అంటే ఏం వదలను, ఎవర్ని వదలను? సిగ్గుండాలి.

రాత్రి కరెంటు పోయింది. చీకట్లో చెయ్యి దానంతటదే గూట్లోకి వెళ్ళింది, ఒక్క తడుములో అగ్గిపెట్టె దొరికింది. పుల్ల గీసి చూస్తే, పెట్టె తీసిన చోట, మూడువేళ్ళ మందాన మీరున్నారు. బాగానే ఉన్నారు.

అంతలో మావయ్యగారు వచ్చి పళ్ళసెట్టు అక్కడ పెట్టారు.

ఇట్లు,
నాలుగో పాఠం ఇంకా సబ్మిట్ చెయ్యని
ఒక కోడలు