మందు ఉంది, రోగి దొరకడం లేదు

లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ సోకిన మనిషి 20 ఏళ్లు మామూలుగానే తిరగొచ్చు. కాస్త నీరసం, అప్పుడప్పుడు ఆకలి మందగించడం. అవి ఎవరికి ఉండవులే అని సరిపెట్టుకుంటాడు. కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరి, ఒకరోజు రక్తపు వాంతి అయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పుడు బయటపడుతుంది, లివర్ ఎప్పుడో గట్టిపడిపోయిందని. అదే మనిషికి కొన్నేళ్ల ముందు ఒక్క రక్తపరీక్ష చేసి ఉంటే మూడు నెలల మాత్రలతో పోయేది. నన్ను బాధపెట్టేది ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో సుమారు 5 కోట్ల మంది ఈ వైరస్‌తో బతుకుతున్నారు. ఆ ఏడాది దాదాపు 2,42,000 మంది దీనివల్ల చనిపోయారు. కొత్తగా సోకేవారు ఏటా 10 లక్షల దాకా ఉన్నారు. జబ్బున్నవాళ్లలో ఆ సంగతి పరీక్షలో తేలినవారు 36 శాతమే. చికిత్స అందినవారు 20 శాతం. నయం చేసే మందు అందుబాటులోకి వచ్చి అప్పటికే తొమ్మిదేళ్లు. అంటే పరిశోధకులు తమ పని చేసేశారు. వెతికి పట్టుకోవాల్సిన వ్యవస్థలే వెనకబడ్డాయి.

పరిశోధకుల పని చిన్నదేమీ కాదు. 1970లలో అమెరికాలో హార్వీ ఆల్టర్, రక్తం ఎక్కించుకున్నవాళ్లకు లివర్ జబ్బు ఎందుకొస్తోందో వెతుకుతూ పోతే అది హెపటైటిస్ ఏ కాదు, బీ కూడా కాదని తేలింది. మరి ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. వైరస్ ల్యాబ్‌లో పెరగదు, మైక్రోస్కోప్‌లో కనపడదు. మైఖేల్ హాటన్ బృందం వేరే దారి పట్టింది. జబ్బు సోకిన చింపాంజీ రక్తం నుంచి జన్యుపదార్థం ముక్కలు తీసి, వాటిని బ్యాక్టీరియాలో పెట్టి ప్రొటీన్లు తయారు చేయించింది. వాటిలో దేన్నైనా రోగి రక్తంలోని యాంటీబాడీలు (వైరస్‌పై పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు) గుర్తుపడతాయేమో చూసింది. లక్షల ముక్కలు గాలిస్తే ఒక్కటి దొరికింది. దాని ఆధారంగా 1989లో వైరస్‌ను ప్రకటించారు. వైరస్ ఒక్కటే ఈ జబ్బు తెప్పించగలదని 1997లో చార్లెస్ రైస్ నిరూపించారు. ముగ్గురికీ కలిపి 2020లో నోబెల్ వచ్చింది. రక్తాన్ని సరిగ్గా పరీక్షించే చోట రక్తమార్పిడితో ఇది సోకే భయం ఇప్పుడు దాదాపు లేదు.

ఈ వైరస్ తన జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోదు. అందుకే రోజూ కొత్త వేషం వేస్తుంది, రోగనిరోధక శక్తికి చిక్కకుండా జారిపోతుంది. టీకా ఇప్పటికీ రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. అయితే దాన్ని దెబ్బకొట్టిందీ ఆ నకలు తీసే ఎంజైమ్ దగ్గరే. సోఫోస్‌బువిర్ అనే మందు, వైరస్ వాడుకునే ముడిసరుకులాగే ఉంటుంది. ఎంజైమ్ దాన్ని అసలుదనుకుని కొత్త ఆర్‌ఎన్‌ఏ గొలుసులో చేర్చుకుంటుంది. అంతే, గొలుసు అక్కడితో ఆగిపోతుంది. దీనికి డక్లాటస్‌విర్ లాంటి మరో మందు కలిపి రోజూ వేసుకుంటే 12 వారాల్లో 95 శాతానికి పైగా నయమవుతారు. అంతకుముందు 48 వారాల దాకా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు చేయించుకుని, జ్వరం, డిప్రెషన్ భరించినా సగం మందికే ఫలితం దక్కేది.

ఇది రక్తం నుంచి రక్తానికి పాకే జబ్బు. ఒకే సిరంజిని మళ్లీ వాడటం, శుభ్రం చేయని పచ్చబొట్టు సూదులు, జాగ్రత్తలు లేని డయాలసిస్ దీనికి దారులు. కలిసి తింటేనో, కౌగిలించుకుంటేనో, దగ్గితేనో రాదు. తల్లిపాలతోనూ రాదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు డాక్టర్లు గట్టిగా చెప్పాలి. రిపోర్టు రాగానే కంచం, గ్లాసు వేరు చేస్తారన్న భయంతో పరీక్షకే వెళ్లనివాళ్లున్నారు.

ఈజిప్టు కథ వేరేగా చెప్పుకోవాలి. అక్కడ 1950ల నుంచి 1980ల దాకా, నీటి నత్తల ద్వారా వచ్చే బిల్‌హార్జియా జబ్బును తరిమేయడానికి ప్రభుత్వం ఊరూరా ఇంజెక్షన్లు ఇప్పించింది. ఒక్కొక్కరికీ వరుసగా చాలా ఇవ్వాలి. సిరంజిలను సరిగ్గా మరిగించకుండానే ఒకరి తర్వాత ఒకరికి వాడేవారు. ఒక జబ్బు తగ్గించబోయి ఇంకో జబ్బును లక్షల మందికి ఎక్కించారు. ప్రపంచంలోనే హెపటైటిస్ సి అత్యధికంగా ఉన్న దేశాల్లో ఈజిప్టు ఒకటైపోయింది. అదే దేశం 2018 అక్టోబరులో మొదలుపెట్టి ఏడు నెలల్లో సుమారు 5 కోట్ల మందికి పరీక్షలు చేసింది, పాజిటివ్ వచ్చినవాళ్లకు ఉచితంగా మందులిచ్చింది. జబ్బును నిర్మూలించే దిశగా సాధించిన ప్రగతికి 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి గోల్డ్ స్థాయి గుర్తింపు పొందింది. లక్షణాలు కనపడేదాకా ఆగకుండా జనం దగ్గరికే వెళ్లడం వల్లే ఇది సాధ్యమైంది. మిగతా దేశాలు సాకులు మాని ఈ దారి పట్టాలి.

పరీక్షలో ఒక చిక్కుంది. మొదట చేసేది యాంటీబాడీ పరీక్ష. అది పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. సోకినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ఆరు నెలల్లో దానంతటదే పోతుంది. ఇప్పుడు ఉందా లేదా తేలాలంటే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాలి. ‘మళ్లీ రండి’ అని పంపిస్తే చాలామంది రారు. రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు, ఏళ్లు గడిచిపోతాయి. చేయాల్సిందల్లా మొదటిసారి తీసిన రక్తంతోనే రెండో పరీక్ష కూడా చేసేయడం. మందులు రాయడానికి స్పెషలిస్టే అక్కర్లేదని, శిక్షణ పొందిన మామూలు డాక్టర్లు, నర్సులు చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఇంకా పెద్దాసుపత్రికి రెఫర్ చేస్తూ కూర్చోవడం నాకు అర్థం కాదు.

వైరస్ వదలకుండా ఉండిపోయినవాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో సిరోసిస్, అంటే లివర్ గట్టిపడిపోయే జబ్బు వస్తుంది. ఆ తర్వాత లివర్ క్యాన్సర్ ముప్పు. మందులతో వైరస్ పోయినా, అప్పటికే సిరోసిస్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు తగ్గుతుందే కానీ పోదు. వాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూనే ఉండాలి. ఒకసారి నయమైనంత మాత్రాన రెండోసారి సోకదనీ లేదు. ‘మీకు తగ్గిపోయింది’ అని పంపించేటప్పుడు, తర్వాతి స్కానింగ్ తేదీ కూడా అదే చీటీ మీద రాసి ఇవ్వాలి.